చిన్న ఫ్రేమ్‌వర్క్ ని మనకి తగ్గట్టు మార్చుకోవడం - ఎంతవరకు?

కొత్త వెబ్ ప్రాజెక్టు ఏదైనా మొదలుపెడదాం అనుకోగానే మన ఐటీ వాళ్ళ మధ్య జరిగే మొదటి చర్చ "ఏ ఫ్రేమ్‌వర్క్ వాడదాం?" అని. ఆ చర్చలో దాదాపు ఎప్పుడూ గెలిచేది అన్నిటికంటే పెద్దదే. "అందులో అన్నీ ఉన్నాయి" అని ఎవరో ఒకరు అంటారు, మిగతా వాళ్ళు తలూపుతారు, చర్చ ముగుస్తుంది. ఆ "అన్నీ" లో మనకి కావలసినవి ఎన్ని, అక్కర్లేనివి ఎన్ని అని లెక్క వేసిన వాళ్ళని నేను చాలా తక్కువ మందిని చూశాను.

నా అభిప్రాయం కొంచెం వేరు. సొంత పనికి, చిన్న పనికి, ఒకరిద్దరే చూసుకోవలసిన పనికి, మొత్తం కోడ్ మనం చదవగలిగేంత చిన్న ఫ్రేమ్‌వర్క్ తీసుకుని దాన్ని మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడమే మేలు. అయితే ఈ "మార్చుకోవడం" అనే దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడో తెలియకపోతే పెద్ద ఫ్రేమ్‌వర్క్ వాడుకోవడమే నయం. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఆ హద్దు గురించే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, తెలియని కంప్యూటర్ వాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. 2000ల్లో మాలాంటి వాళ్ళం మొదటి కంప్యూటర్ అక్కడే "అసెంబుల్" చేయించుకున్నాం. మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ పక్క షాపులో, క్యాబినెట్ పై అంతస్తులో. బ్రాండెడ్ కంప్యూటర్ కొన్నవాళ్ళు మూత విప్పితే వారంటీ పోతుందని భయపడేవాళ్ళు. మనం మాత్రం విప్పి దుమ్ము దులిపి, ఇంకో ర్యామ్ గుచ్చి, మళ్ళీ మూసేసేవాళ్ళం. కానీ ఒక సంగతి గమనించండి. ఎంత అసెంబుల్ చేసుకున్నా మనలో ఎవరూ మదర్‌బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టలేదు. దాని మీద ఇచ్చిన స్లాట్లలోనే మనకి కావలసినవి గుచ్చుకున్నాం. చిన్న ఫ్రేమ్‌వర్క్ ని మార్చుకోవడం కూడా అచ్చం అలాగే ఉండాలని నా వాదన.

ఉదాహరణకి నాకు బాగా అలవాటైన వెబ్.పై నే తీసుకుంటాను. దీని పుట్టుకే "నాకు తగ్గట్టు కావాలి" అన్న పట్టుదలలోంచి వచ్చింది. రెడిట్ సైటు 2005 లో మొదలైనప్పుడు లిస్ప్ లో వ్రాశారు. ఆ ఏడాది డిసెంబరులో పైథాన్ లోకి తిరగరాశారు. అందుకోసం ఆరోన్ స్వార్ట్‌జ్ అప్పటికి ఉన్న ఫ్రేమ్‌వర్క్‌లు చూశాడు. అదే ఏడాది జూలైలో బయటికొచ్చిన జాంగో కూడా అందులో ఉంది. ఏదీ నచ్చక తనే ఒకటి వ్రాసుకున్నాడు. వెబ్ అప్లికేషన్ ఎలా వ్రాస్తే హాయిగా ఉంటుందో ముందు ఊహించుకుని, తర్వాత అది అలాగే పనిచేసేలా కింద కోడ్ పెట్టడం, ఇదీ అతని పద్ధతి. 2006 జనవరిలో అందరికీ ఇచ్చేశాడు, అదీ పబ్లిక్ డొమైన్ లో. అంటే ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. అప్పటికి అతని వయసు 19. (2013 జనవరిలో, 26 ఏళ్ళకే పోయాడు. ఆ కథ మీ అందరికీ తెలిసిందే.)

రెడిట్ తర్వాత వేరే ఫ్రేమ్‌వర్క్ కి మారిపోయింది. 2008 లో వాళ్ళు సోర్స్ కోడ్ బయటపెట్టేటప్పటికి అది పైలాన్స్ మీద ఉంది. కానీ వెబ్.పై అక్కడితో ఆగలేదు. ఆరోన్ తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నది బెంగుళూరులో ఉండే ఆనంద్ చిటిపోతు. ఆ ఇంటిపేరు చదవగానే తెలుగువాళ్ళు ఎవరైనా ఒక్క క్షణం ఆగి చూస్తారు. మనం "ఓపెన్ సోర్స్ అంటే అమెరికా వాళ్ళ పని" అనుకుంటూ ఉంటాం గానీ, చేంజ్ లాగ్ లు తెరిచి చదివితే ఇలాంటి పేర్లు చాలానే కనపడతాయి.

వెబ్.పై లో ఉన్నదంతా కలిపి కొన్ని వేల లైన్లు. ఒక శని, ఆదివారం కూర్చుంటే చదివేయచ్చు. యూఆర్ఎల్ నమూనా ఒకటి, దానికి ఎదురుగా ఒక క్లాసు పేరు, ఆ క్లాసులో గెట్, పోస్ట్ అనే ఫంక్షన్లు. అంతే, పేజీ తయారు. ఈ సరళత చాలామందికి నచ్చింది. 2008 లో గూగుల్ యాప్ ఇంజిన్ తో వచ్చిన వెబ్‌యాప్ లో, 2009 లో ఫ్రెండ్‌ఫీడ్ నుంచి వచ్చిన టోర్నడో లో ఇదే పోలిక కనిపిస్తుంది. ఒకే ఫైలు లో ఇమిడిపోయే బాటిల్ 2009 లో, ఫ్లాస్క్ 2010 లో వచ్చాయి. మీరు వీటిలో ఏది వాడినా కింద చెప్పేవన్నీ పేర్లు మార్చుకుని వర్తిస్తాయి.

ఇక అసలు సంగతికి వద్దాం. మా బాబాయ్ కి రాణిగంజ్ లో పంపుల స్పేర్ పార్టుల దుకాణం ఉంది. అప్పు పద్దులు వ్రాసుకోవడానికి ఆయనకి ఒక చిన్న ప్రోగ్రామ్ చేసిపెట్టాను. దుకాణంలో ఒక పాత కంప్యూటర్, గల్లా దగ్గర ఒక ఫోను, రెండూ బ్రౌజర్ లోంచే దాన్ని తెరుస్తాయి. ఎవరికి ఎంత సరుకు ఇచ్చారు, ఎంత వచ్చింది, ఎంత రావాలి, ఇంతే. ఇంత చిన్న పనిలో కూడా ఫ్రేమ్‌వర్క్ ఇచ్చినవి ఉన్నవి ఉన్నట్టు వాడితే సరిపోని చోట్లు నాలుగు తగిలాయి.

మొదటిది, కామాలు. అంకెలకి కామాలు పెట్టడానికి వెబ్.పై లో కామిఫై అని ఒక ఫంక్షన్ ఉంది. అది 1234567 ని 1,234,567 అని చూపిస్తుంది. బాబాయ్ అది చూసి "ఏంరా ఇది, లక్షకి కామా ఇక్కడ పెడ్తరా ఎవరన్నా?" అన్నాడు. న్యాయమే కదా. మన లెక్క 12,34,567.

రెండోది, సమయం. ఒక పద్దు ఎప్పుడు వ్రాశారో "3 రోజుల కింద" అన్న తరహాలో చూపించే డేట్‌స్ట్రింగ్ ఫంక్షన్ ఒకటి ఉంది. అది ఇంగ్లీషులో చెప్తుంది, పైగా సమయం యూటీసీ లో ఉందనుకుంటుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి మన గడియారం సమయం దానికి ఇస్తే, ఇప్పుడే వ్రాసిన పద్దు ఇంకో ఐదారు గంటల తర్వాత జరగబోతోందని చూపిస్తుంది. ఇంకా ఇవ్వని అప్పు అన్నమాట :-)

మూడోది, పేర్ల వరస. యూనికోడ్ లో ళ అక్షరం ల తర్వాత వెంటనే వస్తుంది, ఱ అక్షరం ర తర్వాత వస్తుంది. మనం బడిలో నేర్చుకున్న వరసలో ఈ రెండూ హ దాటాక, చివర్లో ఉంటాయి. కంప్యూటర్ ని మామూలుగా వరస పెట్టమంటే "కళావతి" ముందు, "కవిత" తర్వాత వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా పద్దు పుస్తకం తిరగేసిన మనిషికి ఆ లిస్టులో పేరు దొరకదు.

నాలుగోది కొంచెం లోతైనది. ఫారం లో పేరు సరిగ్గా ఉందా లేదా అని చూడటానికి చాలామంది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడతాం. "అక్షరమో అంకెనో అయితే సరే" అని దాని అర్థం. పైథాన్ దృష్టిలో మన గుణింతపు గుర్తులు అక్షరాలు కావు! "తెలుగు" అనే మాటని దానికి ఇచ్చి పదాలు ఏరమంటే త, ల, గ అని మూడు ముక్కలు తీసి చేతిలో పెడుతుంది. అంటే మన భాష పేరే మన ఫారం లో చెల్లదు. ఇది వెబ్.పై తప్పు కాదు, ఏ పైథాన్ ఫ్రేమ్‌వర్క్ వాడినా ఇంతే.

ఇప్పుడు ఈ నాలుగింటినీ సరిచేయడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటి దారి తేలిక. సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ లోకి వెళ్ళడం, యుటిల్స్ ఫైలు తెరవడం, కామిఫై లోపల నాలుగు లైన్లు మార్చడం, సేవ్ చేయడం. రెండు నిమిషాల పని. లైసెన్సు అడ్డు లేదు, కోడ్ చిన్నది, అర్థమవుతూనే ఉంది. చేతులు దురద పెట్టడం సహజం.

ఈ దారి ఎక్కడికి పోతుందో నేను దగ్గరుండి చూశాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట బిల్లులు తయారుచేసే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. నేను చేరకముందే ఎవరో ఫ్రేమ్‌వర్క్ లోపలే పైసలు రౌండ్ చేసే చోట ఒక మార్పు చేసి, ఎక్కడా వ్రాయకుండా ఉద్యోగం మారిపోయారు. కొన్నాళ్ళకి సర్వర్ మార్చారు. కొత్త సర్వర్ మీద ఫ్రేమ్‌వర్క్ ని మామూలుగా ఇన్‌స్టాల్ చేశారు. మార్పు పాత సర్వర్ తో పాటే పోయింది. ప్రోగ్రామ్ ఆగిపోలేదు, ఎర్రర్ రాలేదు, మూడు రోజుల పాటు బిల్లులు కొన్ని పైసలు అటూ ఇటూగా బయటికి పోయాయి. అకౌంట్స్ లో ఒక ఆవిడ చేత్తో కూడి చూసి పట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. మన కోడ్ రిపాజిటరీ లో వెతికితే ఏం దొరుకుతుంది? మార్పు అక్కడ లేనే లేదుగా!

సోల్డరింగ్ ఐరన్ అంటే ఇదే.

రెండో దారి స్లాట్ల దారి. మంచి చిన్న ఫ్రేమ్‌వర్క్ ఏదైనా మనకి కొన్ని గుచ్చుకునే చోట్లు ఇస్తుంది. వెబ్.పై లో అయితే టెంప్లేట్లకి మన ఫంక్షన్లు మనం పేరు పెట్టి పంపచ్చు. నేను రూపాయలు అని ఒకటి, ఎప్పుడు అని ఒకటి వ్రాసి పంపాను. కామిఫై, డేట్‌స్ట్రింగ్ ఉన్న చోటే ఉన్నాయి, వాటిని నేను పిలవను, అంతే. ప్రతి రిక్వెస్టుకి ముందు, తర్వాత మన కోడ్ నడవడానికి లోడ్‌హుక్, అన్‌లోడ్‌హుక్ ఉన్నాయి. లాగిన్ తనిఖీ ఒక లోడ్‌హుక్. పేజీ దొరకనప్పుడు, ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు ఏం చూపించాలో మన ఫంక్షన్ పెట్టుకోవచ్చు. ఫారం తనిఖీకి మన సొంత వాలిడేటర్ ఇవ్వచ్చు, అక్కడ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ బదులు "ఖాళీ కాకూడదు, స్లాష్ ఉండకూడదు" అని పెడితే తెలుగు పేర్లు హాయిగా చెల్లుతాయి. వరస పెట్టడం అసలు ఫ్రేమ్‌వర్క్ పనే కాదు. పైథాన్ సార్టెడ్ కి ఒక కీ ఫంక్షన్ ఇస్తే చాలు, బడి వరసలో ఒక్కో అక్షరానికి ఒక అంకె ఇచ్చుకుంటూ పోయే చిన్న ఫంక్షన్.

ఇవన్నీ కలిపి ఒకే ఫైలు. దానికి "మనది" అని పేరు పెట్టాను. ఈ ఫైలు చూస్తే ఈ ప్రోగ్రామ్ ఊళ్ళో వాళ్ళ ఫ్రేమ్‌వర్క్ కి, మా రాణిగంజ్ దుకాణానికి తేడా ఎక్కడెక్కడ ఉందో మొత్తం తెలిసిపోతుంది. రేపు నేను ఏ డల్లాస్ కో వెళ్ళిపోయినా, బాబాయ్ కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడు ఆ ఒక్క ఫైలు చదివితే చాలు.

దీని లాభం ఊరికే శుభ్రంగా కనపడటం కాదు. పైథాన్ 2 కి మద్దతు 2020 జనవరి 1 తో ముగిసింది. వెబ్.పై 0.51 పాత పైథాన్ తో నడిచే చివరి వెర్షన్ అని ప్రకటించి, తర్వాతవి పైథాన్ 3 కే పరిమితం చేశారు. ఆ మారే సమయంలో ఫ్రేమ్‌వర్క్ లోపల కోతలు కోసుకున్న వాళ్ళు ప్రతి కోతనీ కొత్త వెర్షన్ లో మళ్ళీ వెతుక్కుని కోసుకోవాలి. తర్వాత 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 లో సీజీఐ అనే పాత మాడ్యూల్ ని తీసేశారు. ఫారంల ద్వారా వచ్చే సమాచారం చదవడానికి 0.62 వెర్షన్ ఆ మాడ్యూల్ మీదే ఆధారపడింది. ఆ పైథాన్ కి మారితే మొదటి లైనులోనే ఆగిపోతుంది. దీనికోసం లెగసీ-సీజీఐ అని అదే మాడ్యూల్ ని విడిగా ప్యాకేజీ చేసి పెట్టారు. అది పెట్టుకుంటే సరి. నా "మనది" ఫైలులో ఒక్క అక్షరం మారలేదు. ఎందుకంటే అందులో ఫ్రేమ్‌వర్క్ లోపలి సంగతులు ఏవీ లేవు, అది బయటికి ఇచ్చిన మాటలే ఉన్నాయి.

ఇదంతా చిన్న దుకాణాలకే గానీ పెద్ద వాటికి కుదరదు అంటారా? ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 2007 లో మొదలుపెట్టిన ఓపెన్ లైబ్రరీ చూడండి. ప్రపంచంలో వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ అన్నది వాళ్ళ ఆశయం. ఆనంద్ చిటిపోతు కూడా అక్కడ పనిచేశారు. దాని కట్టుబడి చూస్తే అడుగున వెబ్.పై. దాని మీద ఇన్ఫోగామి అనే వికీ పొర. దాని మీద ఓపెన్ లైబ్రరీ సొంత పనులు, అవి కూడా ప్లగిన్లుగా. పుస్తకాలకి, రచయితలకి సంబంధించిన ఒక్క మాట కూడా వెబ్.పై లోపల ఉండదు. అన్ని లక్షల పుస్తకాలకి సరిపోయిన పద్ధతి మన పద్దులకి సరిపోదా?

ఇక పెద్ద ఫ్రేమ్‌వర్క్ ల తరఫు వాదన కూడా న్యాయంగా చెప్పాలి. నలభై మంది పనిచేసే ప్రాజెక్టులో, ఏడాదికి పది మంది వచ్చి పది మంది పోయే చోట, నేను కూడా జాంగోయే అంటాను. అక్కడ "అందరికీ ముందే తెలిసినది" అనేదే పెద్ద సుగుణం. అడ్మిన్ పేజీలు ఊరికే వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, భద్రత. వేరే సైటు మన పేరు మీద ఫారం పంపకుండా ఆపే సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ జాంగోలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే ఉంటుంది. వెబ్.పై లో మనమే పెట్టుకోవాలి. పెట్టుకోవడం కష్టం కాదు, ఒక లోడ్‌హుక్, ఫారం లో ఒక దాచిన టోకెన్. కానీ పెట్టుకోవాలని తెలియాలి. చిన్నది ఎంచుకున్న ప్రతివాడూ "ఇందులో ఏం లేదు" అనే జాబితా ముందు వ్రాసుకోవాలి. ఉన్నవాటి జాబితా వాళ్ళ సైటులో దొరుకుతుంది, లేనివాటి జాబితా మనమే తయారుచేసుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్ళకి చిన్న ఫ్రేమ్‌వర్క్ ప్రమాదమే. దుకాణం డబ్బు లెక్కలు అందులో ఉన్నాయని మర్చిపోకూడదు.

ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "ఇప్పుడు ఏఐ ని అడిగితే పది నిమిషాల్లో నీకు తగ్గ ఫ్రేమ్‌వర్క్ వ్రాసి ఇచ్చేస్తుంది, ఇంకా ఈ పాత వెబ్.పై ఎందుకు?" అని. వ్రాసి ఇస్తుంది, నిజమే. కానీ సమస్య ఎప్పుడూ వ్రాయడంలో లేదు. ఆ బిల్లుల ప్రోగ్రామ్ లో నాలుగు లైన్లు వ్రాయడం ఎవరికీ కష్టం కాలేదు, అవి ఎక్కడున్నాయో తెలియకపోవడమే కష్టమైంది. ఎవరూ చదవని కోడ్ ని మనిషి వ్రాసినా యంత్రం వ్రాసినా గతి ఒకటే. పైగా వెబ్.పై ని ఇన్నేళ్ళుగా వేరే వేరే చోట్ల వేరే వేరే వాళ్ళు వాడి తప్పులు పట్టుకున్నారు. నా కోసం నిన్న పుట్టిన దానికి ఆ అదృష్టం ఉండదు.

మరి ఎప్పుడూ లోపల చెయ్యి పెట్టకూడదా? పెట్టచ్చు. స్లాటు లేని చోట నిజంగా మార్పు కావలసి వస్తే, ఆ మార్పు నాకొక్కడికే పనికొస్తుందా, అందరికీ పనికొస్తుందా అని అడగండి. అందరికీ అయితే ప్యాచ్ చేసి వాళ్ళకే పంపండి. వాళ్ళు తీసుకుంటే ఇకనుంచి దాన్ని మోయడం మీ ఒక్కరి బరువు కాదు. ఒక కొత్త స్లాటు ఇమ్మని అడగడం ఇంకా మంచి ప్యాచ్. లక్షల కామా నా అవసరం. "కామాలు ఎక్కడ పెట్టాలో వాడేవాళ్ళే చెప్పచ్చు" అన్నది అందరి అవసరం. మన హైదరాబాద్, సికింద్రాబాద్ ల్లో రోజూ ఇన్ని వేల మంది పైథాన్ వ్రాస్తున్నాం. వాటిలో తెలుగు వరస, తెలుగు ఫారంలు సరిగ్గా లేవని గొణుక్కునే బదులు మనలో కొద్దిమంది ఈ రెండో రకం ప్యాచ్ లు పంపినా చాలా మారుతుంది. గుణింతాలు అక్షరాలేనని మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

స్లాటు లేదు, వాళ్ళు తీసుకోలేదు, అయినా కావాలి అంటే అప్పుడు ఫోర్క్ చేసుకోండి. కానీ దొంగతనంగా సైట్-ప్యాకేజెస్ లో కాదు. మీ రిపాజిటరీ లో, మీ పేరుతో, ఏం మార్చారో పైనే వ్రాసి. దాన్ని పెంచే బాధ్యత మీదేనని ఒప్పుకుని.

నేను పాటించేది మాత్రం చాలా చిన్న నియమం. ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్ మొత్తం తుడిచేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, "మనది" ఫైలు పక్కన పెడితే బాబాయ్ దుకాణం ఎప్పటిలాగే నడవాలి. ఆరు నెలలకి ఒకసారి నిజంగానే తుడిచి చూస్తాను, సాధారణంగా ఆదివారం, దుకాణం మూసి ఉన్నప్పుడు. మీ ప్రాజెక్టు లో ఈ పని రేపు చేయగలరా? ధైర్యం చాలకపోతే, ఎక్కడ ఆగారో అక్కడ ఎవరో సోల్డరింగ్ చేసి ఉంటారు. వెతకండి.